రాజేందర్ సార్ ఒరిజినల్స్

అచ్యుతరావు సార్ ఎవ్వరికి, ఎన్నడు "ఇయ్యను" అని చెప్పడు. ఆయనతోని తిప్పలే అది. ఇయ్యనంటె కొట్లాడొచ్చు. నలుగురిని పిలిచి పంచాయితి పెట్టొచ్చు. "చూద్దామండి" అన్నోనితోని ఏం కొట్లాడుతం? చూసుకుంట కూసోవాలె, అంతే.

బుధవారం పొద్దుగాల తొమ్మిదింటికి రాజేందర్ ఆయన టేబుల్ ముందట నిలవడి అదే పని చేస్తున్నడు. అమీర్‌పేటల ఆ బిల్డింగు కింద చెప్పుల దుకాణం, మొదటి అంతస్తుల కంప్యూటర్ కోర్సులు, ఆ పైన మూడంతస్తులు జూనియర్ కాలేజి. చైర్మన్ అచ్యుతరావు గది అన్నిటికంటె పైన. ఆయన కుర్చీ ఎనుక ఆకుపచ్చ ఇనుప బీరువ ఒకటున్నది. కాలేజిల ఇరవై ముగ్గురు లెక్చరర్లుంటె, ఇరవై ముగ్గురి ఒరిజినల్ సర్టిఫికెట్లు దాంట్లనే. టెన్త్ మెమో కాడికెల్లి పీజీ పట్టా దాక. కొలువుల చేరిన దినమే తీస్కొని లోపట పెడ్తడు, సంవత్సరం నడుమల ఎవ్వలు ఇడిశిపెట్టి పోకుంట. రశీదు ఉండది, కాయిదం ఉండది. తాళంచెవి మాత్రం ఆయన షర్టు జేబుల, పెన్ను పక్కన ఉంటది.

"సార్, శనివారం నాది సర్టిఫికెట్ వెరిఫికేషన్ ఉన్నది. ప్రభుత్వ గురుకులం పోస్టు," రాజేందర్ ఈ వారంల మూడోసారి చెప్తున్నడు. "లక్డీకాపూల్ల. పదిన్నర కాడికెల్లి ఒంటిగంట దాక. ఒక్క పూటకు ఒరిజినల్స్ ఇయ్యుండ్రి. చూపిచ్చి, మళ్ల తెచ్చి మీ చేతులనే పెడ్త."

"ఎంత మంచి మాట చెప్పారండీ రాజేందర్ గారూ!" అచ్యుతరావు మొఖం నిండ నవ్విండు. "మన ఫిజిక్స్ సార్‌కి గవర్నమెంటు ఉద్యోగమంటే కాలేజీకే గౌరవం కదండి. కూర్చోండి. టీ తాగారా?"

"తాగిన సార్. ఒరిజినల్స్..."

"చూద్దామండి. ఏంటంటే, శనివారం దాకా మనకి షూటింగ్ ఉంది కదా. మీరు లేకపోతే ఎలాగండి? అది కానివ్వండి, సోమవారం శుభ్రంగా మాట్లాడుకుందాం."

"సోమవారం ఏముంటది సార్? శనివారమే ఆఖరు."

"రెండో లిస్టు కూడా వేస్తారు లెండి. నా మాట నమ్మండి."

రెండో లిస్టు లేదు, గిస్టు లేదు. ఒక్క పోస్టుకు ఇద్దరిని పిలిచిండ్రు. రాజేందర్ పోకపోతె ఆ రెండో మనిషి నవ్వుకుంట పోయి కుర్చీల కూసుంటడు. మళ్ల నోటిఫికేషన్ ఎప్పుడు పడ్తదో దేవునికెర్క. అప్పటికి రాజేందర్‌కు వయసు దాటిపోతది. ఇదంత చెప్దామని నోరు తెరిచిండో లేదో, కింద రోడ్డు మీద జనరేటర్ మోత లేచింది. సినిమావాళ్లు వచ్చిండ్రు. అచ్యుతరావు గబగబ జుట్టు దువ్వుకొని, "రండి రండి" అనుకుంట, ముందటి మనిషిని గదిలనే ఇడిశి బయటికి పోయిండు.

రాజేందర్ ఒక్కడు బీరువ ముందట మిగిలిండు. దాని పిడి మీద చెయ్యేసి చూసిండు సుత. దొంగతనానికి వచ్చినట్టు అనిపిచ్చింది. తనవే, తన కష్టమే, అయినా సిగ్గుపడి చెయ్యి తీసిండు.

ఆ సినిమాకు ఇంక పేరు పెట్టలేదు. కథ మాత్రం అందరికి ఎర్కే. ఒక మాస్టారు, ముప్పై మంది బీద పిల్లలు, ఆఖరికి ముప్పై మందికి ర్యాంకులు. పెద్ద పెద్దోళ్లు ఎంత పిలిచినా ఆ సారు "నా పిల్లల్ని వదిలి రాను" అంటడు, అందరు ఏడుస్తరు. పరీక్షలైనంక కాలేజికి సెలవులిచ్చి, హాస్టల్ పిల్లల్ని మాత్రం ఇండ్లకు పంపకుంట యూనిఫారాలేసి క్లాసుల కూసోబెట్టిండు అచ్యుతరావు. కాలేజి బోర్డు తెర మీద కనవడ్తదని ఆయన సంబురం.

పొద్దంత కెమెరా పెట్టుడు, లైటు జరుపుడు అయినంక హీరో వచ్చిండు. మనిషి మంచోడే, అందరికి దండం పెట్టిండు. చాక్‌పీసు చేతికిస్తె మాత్రం అగ్గిపుల్ల పట్టుకున్నట్టు పట్టుకున్నడు. బోర్డు మీద గీస్తె కీచుమన్నది, పిల్లలు చెవులు మూసుకొని నవ్విండ్రు. రాసిన ఈక్వేషను ఎడమ దిక్కు మొదలై కుడి దిక్కుకు పోయేసరికి బోర్డు కిందికి జారింది.

"కొత్త చాక్‌పీసు కొస జర విరవాలె సార్," రాజేందర్ ఉండవట్టలేక ముందటికొచ్చిండు. "గట్టిగ ఒత్తద్దు. మోచెయ్యి కాడికెల్లి రాయాలె, మునివేండ్లతోని కాదు." అని ఒక గీత గీసి చూపెట్టిండు. ఆ గీత పట్టుకొని ఒక ఈక్వేషను, దాని కింద ఇంకోటి, తాడు కట్టినట్టు సక్కగ.

డైరెక్టర్ భార్గవ్, ముప్పై ఏండ్లు సుత నిండనోడు, నెత్తి మీద టోపీ తిప్పి పెట్టుకున్నడు. "సార్, మీ చెయ్యి మాకు ఇస్తారా?" అన్నడు.

అట్ల కుదిరింది కథ. బోర్డు మీద రాసే చెయ్యి రాజేందర్‌ది, తిరిగి చూసే మొఖం హీరోది. మేకప్ మనిషి వచ్చి, రాజేందర్ కుడిచెయ్యి మోచెయ్యి దాక హీరో రంగుకు వచ్చేదాక స్పాంజితోని అద్దిండు. హీరోది లాంటిదే నీలం గళ్ల షర్టు తొడిగిండ్రు, గడియారం పెట్టిండ్రు.

"కంటిన్యుటీ ముఖ్యం సార్," అన్నడు భార్గవ్. "శనివారం ప్యాకప్ దాకా ఈ చెయ్యి మాది."

"తీసుకోండి, తీసుకోండి," ఎనుకకెల్లి అచ్యుతరావు అన్నడు. "మా సార్ ఎక్కడికీ పోరండి."

గురువారం పొద్దట్నుంచి రాజేందర్ ఇరవై సార్లు ఒకే ఈక్వేషను రాసిండు, ఇరవై సార్లు తుడిచిండు. నిజం క్లాసుల ఒక్కసారి చెప్తె అర్థమయ్యే లెక్క, సినిమాల ఇరవై సార్లు రాసినా ఎవ్వనికి అర్థం గాది, ఎవ్వడు అడగడు సుత. బోర్డు దిక్కు మొఖం, కెమెరా దిక్కు చెయ్యి. పక్కన హీరో గట్టిగ డైలాగు చెప్తుంటడు: "చదువు అంటే రెక్కలురా!" పిల్లలు చప్పట్లు కొట్టాలె. కొట్టిండ్రు. మళ్ల కొట్టిండ్రు. పన్నెండో చప్పట్లకు విక్రమ్ అనే పిలగాడు బెంచి మీదనే నిద్రపోయిండు.

మధ్యాహ్నం అన్నం కాడ ఇంకో తిప్పలు. చెయ్యి కడుగుతె రంగు పోతది, కడగద్దన్నరు. భార్య మంజుశ్రీ పెట్టిచ్చిన పప్పన్నం ఎడమచేత్తోని చెంచతోని తింటుంటె బాటనీ చెప్పే నరేశ్ వచ్చి పక్కన కూసున్నడు.

"ఇచ్చిండా అన్న?"

"చూద్దామన్నడు."

"నేను చెప్పిన గద. పోయినయని పోలీస్ స్టేషన్ల రాసియ్యి. డూప్లికేట్లు తెచ్చుకో."

"డూప్లికేట్లు రావడానికి రెండు నెలలు. నాకున్నది రెండు దినాలు. దానికి తోడు, పోనివాటిని పోయినయని ఎట్ల రాసియ్యాలె నరేశ్? గా బీరువల ఉన్నయని నీకెర్క, నాకెర్క."

"గట్లయితె కూసో. మునిగినోనికి సలేంది అనుకో," నరేశ్ లేచిండు. రెండడుగులేసి మళ్ల తిరిగిండు. "కోపం చేసుకోకన్న. నాయి సుత అండ్లనే ఉన్నయి."

పిల్లలు తిని వస్తున్నరు. మానస అనే సెకండియర్ పిల్ల ప్లేటు కడిగి పెట్టి, రాజేందర్ ముందట నిలవడ్డది. సిద్దిపేట దిక్కు పిల్ల, మాట తక్కువ, లెక్క చేసుడు ఎక్కువ. ఆమెకు ఫిజిక్స్ అంటె మొదట భయముండె. ఇప్పుడు లేదు.

"సార్, మీరు పోతున్నరట గద?"

"ఎవరన్నరమ్మా?"

"హాస్టల్ల అందరంటున్నరు." చున్నీ కొస వేలుకు చుట్టుకుంటున్నది. "ఎంసెట్‌కు ఇంక నాలుగు చాప్టర్లున్నయి సార్."

రాజేందర్‌కు చెంచ నోటి కాడనే ఆగింది. "యాడికి పోతనమ్మా," అన్నడు, "పో, పిలుస్తున్నరు." ఆ పిల్ల పోయినంక అన్నం సయించలేదు. ఇయ్యాల రేపు ఆయనకు ఒక్కటే ఆలోచన, ఆ బీరువ. నాలుగు చాప్టర్ల సంగతి ఆయనకు యాదికే లేదు. అది తెలిసి తన మీద తనకే కోపమొచ్చింది. అయినా, సినిమాల సారుకైతె రైటర్ ఉన్నడు, ఎట్లనన్న గట్టెక్కిస్తడు. తనకెవరున్నరు?

సాయంత్రం మధురానగర్ల ఇల్లు చేరేసరికి తండ్రి తుకారాం మిషన్ ముందటనే ఉన్నడు. హాస్టల్ పోరగాండ్ల పాంట్లు పొట్టి చేసి ఇస్తడు, డెబ్బై రెండేండ్లొచ్చినా సూదిల దారం అద్దాలు లేకుంట ఎక్కిస్తడు. మంజుశ్రీ కూర తరుగుకుంటనే అడిగింది.

"ఇచ్చిండా?"

రాజేందర్ అడ్డంగ తలూపి, కుడిచెయ్యి సబ్బుతోని రుద్దుకుంట కూసున్నడు. రంగు తొందరగ పోతలేదు.

"కొడ్క, బట్ట మనది, కత్తెర ఆయన చేతుల," తుకారాం మిషన్ ఆపకుంటనే అన్నడు. "అడుక్కుంటె ఇయ్యడు. నీ లెక్క నెమ్మదస్తున్ని చూస్తె అసలే ఇయ్యడు."

"గట్ల కాదు మామా, ఈయన పొయ్యి కొట్లాడాలె," మంజుశ్రీ కత్తిపీట దూరం జరిపింది. "రేపు నేనే వస్త. నాలుగో అంతస్తు మెట్ల మీద కూసోని ఒర్లుత. గప్పుడిస్తడా, ఇయ్యడా చూద్దాం."

"ఒర్లితె నీకు సుత టీ ఇస్తడు," అన్నడు రాజేందర్.

శుక్రవారం షూటింగు జల్దిగనే నడిచింది. సాయంత్రం నాలుగింటికి భార్గవ్ చేతులు రుద్దుకుంట వచ్చిండు.

"సార్, చివర్లో పేర్లు పడేటప్పుడు నిజమైన టీచర్ల మాటలు వేద్దామనుకుంటున్నాం. ముందు మీది. రెండు నిమిషాలు. పిల్లలు మీ వెనకాల ఉంటారు."

మేకప్ తుడిచిండ్రు, సొంత షర్టు వేసుకొమ్మన్నరు. బెంచి మీద కూసోబెట్టి కాలర్‌కు చిన్న మైకు పెట్టిండ్రు. ఎనుక ముప్పై మంది పిల్లలు. కెమెరా పక్కన కుర్చీ వేయించుకొని అచ్యుతరావు. లైటు సక్కగ కండ్లల్ల పడ్తున్నది. మూడు దినాల నుంచి చెయ్యి మాత్రమే కావాల్సినోళ్లకు ఇప్పుడు మొఖం కావాల్నట.

"పదకొండేళ్లు ఒకే కాలేజీలో ఉన్నారట. వేరే ఎక్కడికీ వెళ్లాలనిపించలేదా? ఎందుకున్నారు సార్?"

"పిల్లలంటే ప్రాణమండి ఆయనకి," అచ్యుతరావు కుర్చీలకెల్లి అందిచ్చిండు.

"సార్, ఆయన్ని చెప్పనివ్వండి. మళ్లీ చేద్దాం. రోలింగ్."

రాజేందర్ తల దించుకున్నడు. పిల్లలంటె ప్రాణమే, అబద్ధం కాదు. అదొక్క మాట అంటె అయిపోతది, అందరు ఖుష్. నోటి దాక వచ్చింది. కని ఎనుక మానస ఉన్నది, విక్రమ్ ఉన్నడు, అందరికి అన్ని ఎర్కే. వాళ్ల ముందట ఆ మాట అంటె, నిజంగ ఉన్న ప్రేమ సుత అబద్ధమైతదనిపిచ్చింది.

"మా ఒరిజినల్ సర్టిఫికెట్లు తీస్కొని బీరువల పెట్టుకుంటరు సార్," అన్నడు. గొంతు ఆయనకే కొత్తగ ఇనవడ్డది. "అవి లేకుంట యాడికి పోలేం. గందుకె ఉన్న."

ఇగ అయిపాయె, ఇప్పుడు ఏదో ఒకటి తేలుతది అనుకున్నడు.

అచ్యుతరావు పెద్దగ నవ్విండు. "మా సార్‌కి చమత్కారం ఎక్కువండి! అద్దె ఇళ్లు కదా, చెదలు పడతాయి, వానకి తడుస్తాయి. మన దగ్గర భద్రంగా ఉంటాయని ఇస్తారు, అంతే."

కని భార్గవ్ ఆయన దిక్కు చూస్తలేడు. టోపీ తీసి నెత్తి గోక్కుంటున్నడు. కండ్లు మెరుస్తున్నయి. "నా విలన్‌కి ఏదో తక్కువైందని నెల రోజుల్నుంచి కొట్టుకుంటున్నా సార్! సర్టిఫికెట్లు దాచేసుకునే కాలేజీ ఓనర్! హీరో ఆ బీరువా తెరిచి అందరివీ పంచేస్తాడు. రేపే తీస్తాం!"

"అద్భుతమండి," అచ్యుతరావు లేచి నిలవడ్డడు. "ఉన్నారండి బయట అలాంటి దుర్మార్గులు. చదువుకున్నవాళ్ల పొట్ట కొడతారు. గట్టిగా బుద్ధి చెప్పాలండి. మా గది వాడుకోండి, మా బీరువా వాడుకోండి!"

ఆ మాట ఆయన మనస్ఫూర్తిగనే అన్నడు. దొంగకు తాను దొంగనని తెలిస్తె భయమన్న ఉంటది. ఈయన అద్దంల చూసుకొని, ఎవడో ఆ వెధవ అని ఉమ్మేసే మనిషి. పదకొండేండ్లకు ఒక్క నిజం చెప్తె అది సుత డైలాగు అయిపోయింది. మైకు తీసుకుంట భార్గవ్ ఆయన భుజం తట్టిండు, "థాంక్యూ సార్, మీరు మంచి రైటర్ అవుతారు," అని.

శనివారం ఎనిమిదింటికే చైర్మన్ గది ముందట వరండల లైట్లు వెలిగినయి. హీరో గదిలకెల్లి సర్టిఫికెట్లు పట్టుకొని రావాలె. వరుసల నిలవడ్డ లెక్చరర్లకు ఇయ్యాలె. మొదటి లెక్చరర్ తీస్కొని, రెండు దిక్కుల నిలవడ్డ పిల్లల నడుమకెల్లి నడిచి, మెట్లు దిగి పోవాలె. పిల్లలు ఏడ్వాలె. లెక్చరర్లుగ చేసేది కృష్ణానగర్ నుంచి వచ్చిన జూనియర్ ఆర్టిస్టులు. అసలు లెక్చరర్లను గోడ పక్కకు, కెమెరాకు కనవడకుంట నిలవెట్టిండ్రు.

అచ్యుతరావుకు సుత వేషం దొరికింది. తప్పు తెలిసి వచ్చి, హీరోను మెచ్చుకునే పెద్ద అధికారి. కోటు వేసి, మొఖానికి పౌడరద్ది, కాలర్ మాయకుంట మెడ చుట్టు కాయిదం రుమాలు చెక్కిండ్రు. "మీరు హీరో వెనకే నిలబడాలి సార్. ఫ్రేమ్‌లో ఉంటారు. నేను కట్ చెప్పేదాకా కదలకుండా చప్పట్లు కొడుతూ ఉండాలి," అన్నడు భార్గవ్. ఆయన పదిసార్లు చప్పట్లు కొట్టి చూసుకున్నడు.

తొమ్మిదిన్నరకు మొదటి ఆటంకమొచ్చింది. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ పిలగాడు తెచ్చిన ఫైళ్లల్ల ఉత్త తెల్ల కాయిదాలున్నయి. క్లోజప్‌ల ఖాళీగ కనవడ్తున్నయని భార్గవ్ తల పట్టుకున్నడు.

"ఏంటండి ఇంత చిన్న విషయానికి?" అచ్యుతరావు జేబులకెల్లి తాళంచెవి తీసిండు. "హీరో గారి చేతిలో డూప్లికేట్లు ఉండాలా? అసలువే ఉన్నాయి కదండి!"

గోడ పక్కన ఇరవై ముగ్గురు లెక్చరర్లు మునికాళ్ల మీద లేచి తొంగిచూసిండ్రు. బీరువ తలుపు కిర్రుమన్నది. పచ్చ ఫైళ్లు, నీలం ఫైళ్లు, దుమ్ము. అచ్యుతరావు దుమ్ము దులిపి ఒక్కొక్కటి టేబుల్ మీద పెడ్తున్నడు. "షాట్ అవగానే లెక్కపెట్టి నాకే ఇవ్వాలి బాబూ," అని ఆర్ట్ పిలగానికి చెప్తనే ఉన్నడు. నడుమల ఒక గుడ్డ సంచి వచ్చింది. బూడిద రంగు షర్టు గుడ్డ ముక్కలతోని కుట్టింది, మూతికి రెండు గుండీలు. తుకారాం చేతి కుట్టు అది, ఏ బజార్ల దొరకది.

"ఇది బాగుంది!" భార్గవ్ అందుకున్నడు. "దీంట్లో కథ ఉంది. మొదటి లెక్చరర్‌కి హీరో ఇదే ఇవ్వాలి."

నరేశ్ రాజేందర్ మోచెయ్యి గట్టిగ పట్టిండు. "అన్న, నీదే," అన్నడు గుసగుసగ. రాజేందర్ గడియారం చూసుకున్నడు. పదిగంటల పది.

మొదటి లెక్చరర్‌గ చేసేది సూర్యనారాయణ అని అరవై ఏండ్ల పెద్దమనిషి. నాటకాలల్ల ఆడిన మనిషంట. మొదటి టేకుల సంచి తీస్కొని బోరుమని ఏడ్చిండు. "బాబాయ్, మీరు ఏడవకూడదు, పిల్లలు ఏడవాలి," అన్నడు భార్గవ్. లైట్లు మార్చిండ్రు, ఇరవై నిమిషాలు. రెండో టేకుల సంచి కండ్లకద్దుకొని ఆకాశం దిక్కు చూసిండు. మళ్ల ఇరవై నిమిషాలు. మూడో టేకుల హీరో కాళ్ల మీద పడ్డడు, హీరో భయపడి ఎనుకకు జరిగిండు. ఈ పిల్లలకేమో ఒక్కళ్లకన్న కన్నీళ్లు రాలేదు. గ్లిజరిన్ తెమ్మని ఎవరో ఒర్రుతున్నరు. పదకొండుంబావు.

రాజేందర్‌కు కుడితిల పడ్డ ఎల్క తీరు మనసు గిరగిర తిరుగుతున్నది. సంచి పది అడుగుల దూరంల ఉన్నది. గుంజుకొని ఉరుకుతె? ఉరికినోన్ని దొంగ అంటరు. అడుగుతె? చూద్దామంటరు. సినిమాల సారు ఒక్క డైలాగు చెప్పంగనే తలుపులు తెరుసుకుంటయి, ఆయనకు రాసిచ్చిండ్రు. మెల్లమెల్లగ అర్థమైంది రాజేందర్‌కు. తనకు సుత రాసిచ్చిండ్రు. ఆ సీను కాయిదంల ఉన్నదే గద, లెక్చరర్ సంచి తీస్కొని మెట్లు దిగి పోతడని.

గోడ పక్కకెల్లి ముందటికొచ్చిండు.

"భార్గవ్ సార్, ఆ వేషం నేను చేస్త."

భార్గవ్ పైకెల్లి కిందికి చూసిండు. "మీరా! నిజం లెక్చరర్! ఇది నాకెందుకు తట్టలేదు?"

అచ్యుతరావు నవ్వు సగంల ఆగింది. "ఆయనది చెయ్యి కదండి... బోర్డు షాట్ ఉంది..."

"అది మధ్యాహ్నం సార్. మీరు మీ ప్లేస్‌లో ఉండండి, పౌడర్ కరుగుతోంది." భార్గవ్ రాజేందర్ భుజాలు పట్టి నిలవెట్టిండు. "నటించొద్దు. తీసుకుని నడవండి, అంతే. మెట్లు దిగి ఫ్రేమ్ అవుట్. కట్ అనగానే ఆగిపోండి."

సూర్యనారాయణ పక్కకు తప్పుకుంట, "బాగా చెయ్యండి నాయనా," అని దీవిచ్చిండు. పాపం, ఆయన ఒక్కడే మనస్ఫూర్తిగ ఏడ్చిన మనిషి.

"యాక్షన్!"

హీరో గదిలకెల్లి వచ్చిండు. "ఇవి మీవి మాస్టారూ," అన్నడు, "మిమ్మల్ని కట్టేసే హక్కు ఎవ్వడికీ లేదు." సంచి చాపిండు. రాజేందర్ రెండు చేతులతోని పట్టుకున్నడు. లోపట గట్టి అట్టలు చేతికి తాకినయి. ఎంత గట్టిగ పట్టిండంటె, హీరో ఒక్క క్షణం సంచి ఇడువకుంట ఆయన మొఖంల మొఖం పెట్టి చూసిండు. తర్వాత ఇడిశిండు.

హీరో ఎనుక అచ్యుతరావు చప్పట్లు కొడ్తున్నడు. కొట్టుకుంటనే సంచి దిక్కు చూస్తున్నడు. ఒక కాలు ముందటికి జరిపిండు. "సార్, ఫ్రేమ్!" అని అసిస్టెంట్ కసిరిండు. కాలు ఎనుకకు పోయింది. చప్పట్లు ఆగలేదు.

రాజేందర్ నడిచిండు. రెండు దిక్కుల పిల్లలు. విక్రమ్ మొదలు అర్థం కానట్టు చూసి, తర్వాత గబుక్కున తల దించుకున్నడు. మానస వరుసల చివర్ల, మెట్ల కాడ ఉన్నది. ఆమె ముందటికి రాంగనే రాజేందర్ అడుగు దానంతటదే ఆగబోయింది. నాలుగు చాప్టర్లు. ఏం చెప్పాలె ఈ పిల్లకు?

"ఎనుకకు చూడకుండ్రి సార్," అన్నది మానస, పెదవులు కదలకుంట. కండ్లల్లకెల్లి నీళ్లు బొటబొట కారుతున్నయి. ఆమెను చూసి పక్కపిల్ల ఏడ్చింది, పక్కపిల్లను చూసి ఇంకోడు. వరుసంత ఏడుపే. గ్లిజరిన్ పట్టుకొచ్చిన మనిషి సీసతోని అట్లనే నిలవడ్డడు.

"అబ్బా! ఏం వచ్చింది! పిల్లల మీదికి రా, పిల్లల మీదికి," భార్గవ్ కెమెరామన్ చెవుల గుసగుసలాడుతున్నడు.

ఒక మెట్టు. రెండు. మలుపు. రాజేందర్‌కు సుత కండ్లు మసకబారినయి, రెయిలింగు పట్టుకొని దిగిండు. మూడో అంతస్తు దాటంగ పైన "కట్!" అని ఇనవడ్డది, చప్పట్లు మోగినయి. "సూపర్! సేఫ్టీకి వన్ మోర్! రాజేందర్ సార్ని పిలవండి!" అన్నరెవరో. ఆ తర్వాత అన్నిటి మీదికెల్లి ఒక గొంతు. పదకొండేండ్లల్ల ఎన్నడు పెద్దగ మాట్లాడని గొంతు.

"రాజేందర్! ఏయ్! ఆగు!"

'గారు' లేదు, 'అండి' లేదు. అది ఇన్నంక రాజేందర్ ఉరికిండు. కంప్యూటర్ కోర్సుల పిల్లల్ని తోసుకుంట, చెప్పుల దుకాణం ముందటి డబ్బలు దాటుకుంట, మెట్రో మెట్లు రెండేసి ఎక్కుకుంట. రైలు తలుపులు మూసుకున్నంక గని సంచిని రొమ్ముకు పట్టుకొని ఉన్నడని తనకు తెల్వలేదు. పంజాగుట్ట పోయింది, ఖైరతాబాద్ పోయింది. జేబుల ఫోను మోగుతనే ఉన్నది.

లక్డీకాపూల్ల జిరాక్సులు తీయించుకొని, ఆఫీసు హాల్ల లైన్ల నిలవడి, టేబుల్ ముందట కూసునేసరికి పన్నెండు ముప్పావు. టేబుల్ అవుతల అరుణాదేవి అని బ్యాడ్జి పెట్టుకున్న మేడం, ముక్కు మీద అద్దాలు. రాజేందర్ గుండీలు తీసి కట్టంత ఆమె ముందట పెట్టిండు. ఆమె ఒక్కొక్కటి తిప్పి చూసింది, పేరు చదివింది, తన కాయిదం మీద టిక్కు పెట్టింది. టెన్త్. ఇంటర్. డిగ్రీ. బీఈడీ. పీజీ.

"అన్ని కరెక్టుగున్నయి," అన్నది. జిరాక్సులు తన దిక్కు పెట్టుకొని, ఒరిజినల్స్ ఆయన దిక్కు జరిపింది. "నెక్స్ట్."

రాజేందర్ లేవలేదు. కట్టను ముట్టలేదు. చేతులు ఒళ్లె పెట్టుకొని కూసున్నడు.

"ఏం సార్? అయిపోయింది."

"ఇవి... మీ తాన పెట్టుకోరా మేడం?"

అరుణాదేవి అద్దాలు తీసి చూసింది. "మేమెందుకు పెట్టుకుంటం? మీవి గద. తీస్కపోండ్రి."

ఎనుక నిలవడ్డాయన భుజం తట్టిండు, జరగమని. రాజేందర్ కాయిదాలు ఒక్కొక్కటి ఏరుకొని సంచిల పెట్టుకున్నడు. కిటికి కాడికి పోయి మంజుశ్రీకి ఫోను చేసిండు. ఆమె హలో అనలేదు.

"ఇచ్చిండా?" అన్నది.

"ఇంటికి తెస్తున్న," అన్నడు రాజేందర్. "యాడ పెడ్దామో జర జాగ చూడు. మనింట్ల వీటికి జాగ లేదు."